నిలబడి తినే సాయంత్రాలు

జూబ్లీహిల్స్, గచ్చిబౌలి వైపు కొత్త రెస్టారెంట్ల మెనూల్లో 'టాపస్' అన్న మాట ఇప్పుడు తరచుగా కనబడుతోంది. స్పెయిన్ దేశపు చిన్న ప్లేట్ల తిండి అది. ఉప్పునీళ్లలో ఊరిన ఆలివ్ కాయలు నాలుగు, ఎర్రటి కారపు సాసు పోసిన ఆలుగడ్డ ముక్కలు, వెల్లుల్లి నూనెలో వేగిన రొయ్యలు, కోడిగుడ్డూ ఆలుగడ్డా కలిపి మందంగా కాల్చిన అట్టులోంచి కోసిన ఒక ముక్క. బాగుంటాయి. వండేవాడికి చెయ్యి తిరిగి ఉంటే చాలా బాగుంటాయి. అయితే ఈ వంటల వెనక ఒక పద్ధతి ఉంది. మెనూలో దానికి చోటు దొరకదు.

స్పెయిన్‌లో రాత్రి భోజనం తొమ్మిదికో పదికో. పని ముగిసిన వేళకీ ఆ భోజనానికీ మధ్య ఉన్న పొడుగాటి ఖాళీలో జనం వీధిలోకి వస్తారు. నలుగురు కలిసి ఒక చిన్న బారుకి పోయి, ఆ బారుకి పేరు తెచ్చిన ఒక్క ప్లేటు చెప్పుకుని, నిలబడే తిని, ఇంకో బారుకి నడుస్తారు. అక్కడ ఇంకో ప్లేటు. తాతలు ఉంటారు, తల్లుల చంకన పిల్లలు ఉంటారు. గ్రనడా పట్నంలోనైతే ఏదైనా తాగడానికి చెప్తే చాలు, చిన్న ప్లేటు ఉచితంగా వచ్చి ముందు వాలుతుంది. ఎక్కడా కడుపు నింపుకోరు. సాయంత్రాన్ని నలుగురి మధ్య సాగదీస్తారు. టాపస్ అంటే నాకు అర్థమైనంతలో ఈ సాగదీయడమే.

ఆ కొలతతో చూస్తే హైదరాబాదులో అసలైన టాపస్ వీధి ఆర్టీసీ క్రాస్ రోడ్స్ దగ్గర మొదలై, చిక్కడపల్లి మీదుగా నారాయణగూడ చౌరస్తా దాకా నడుస్తుందని నేను గట్టిగా చెప్తాను. రమారమి రెండు కిలోమీటర్లు. మధ్యలో పక్కకి తిరిగితే అశోక్ నగర్. ఆలివ్ నూనె వాసన లేదు కానీ తక్కినవన్నీ ఉన్నాయి. ఒక బండి దగ్గర పునుగులు, పది అడుగుల అవతల బొగ్గుల మీద మక్క కంకులు, ఆ మూలన గప్‌చుప్, సందు మొదట్లో తవ్వ మీద ఇడ్లీ, ఇరానీ హోటల్లో చాయ్. ప్రతి చోటా చేసేది ఒకటో రెండో. చేసేవాళ్లు ఏళ్ల తరబడి అదే చేస్తున్నవాళ్లు. తినేవాళ్లు నిలబడి తింటారు, తిని ముందుకు కదులుతారు.

ఇరానీ హోటల్ సంగతి ముందు చెప్పాలి. పాత ఇరానీ హోటళ్లలో ఒక ఆచారం ఉండేది, కొన్నిచోట్ల ఇప్పటికీ ఉంది. మనం కూర్చోగానే అడక్కుండానే సర్వర్ ఒక ప్లేటు తెచ్చి బల్ల మీద పెట్టి పోతాడు. అందులో చిన్న ఉల్లిగడ్డ సమోసాలు, ఉస్మానియా బిస్కెట్లు ఉంటాయి. తిన్నన్ని తినొచ్చు, వద్దనుకుంటే ముట్టుకోనక్కర్లేదు. లేచేటప్పుడు ప్లేటులో ఎన్ని మిగిలాయో చూసి, అక్కడినుంచే గల్లా మీద కూర్చున్న మనిషికి వినబడేలా లెక్క అరుస్తాడు. కాగితం లేదు, కలం లేదు. స్పెయిన్ ఉత్తరాన సముద్రపు ఒడ్డునున్న సాన్ సెబాస్టియన్ పట్నంలో అచ్చం ఇదే నడుస్తుంది. రొట్టె ముక్క మీద చేపో మాంసమో పేర్చి పుల్ల గుచ్చి కౌంటర్ నిండా పెడతారు. ఎవరికి కావలసింది వాళ్లు తీసుకుని తింటారు. చివర్లో ప్లేటులో మిగిలిన పుల్లలు లెక్కపెట్టి డబ్బు తీసుకోవడం అక్కడి పాత రివాజు. సెవిల్ నగరంలో 1670 నాటి ఒక పాత బారులో, ఎల్ రింకోన్సియో అంటారు దాన్ని, ఎవరు ఎంత తిన్నారో కౌంటర్ చెక్క మీదే సుద్దముక్కతో రాస్తారు.

మూడు చోట్లా ఆధారం ఒక్కటే, తిన్నవాడి మీద నమ్మకం. ఎవరో తెలియని మనిషి ముందు ప్లేటు పెట్టి, కావలసినంత తిను, లెక్క చివర్లో చూద్దాం అనగలిగిన ఊరు గొప్ప ఊరు. ఇరానీ హోటళ్లు ఒక్కొక్కటే మూతబడుతుంటే చాయ్ ఎక్కడైనా దొరుకుతుందిలే అనుకుంటాం. చాయ్ దొరుకుతుంది. నమ్మకంతో పెట్టిన ఆ ప్లేటు మాత్రం యాప్‌లోనూ దొరకదు, కూపన్ తీసుకుని క్యూలో నిలబడే కౌంటర్లలోనూ దొరకదు.

ఇక మిర్చి. మన సాయంత్రాలకి ఇదే మహారాణి. పొడుగాటి లేతాకుపచ్చ బజ్జీ మిరపకాయని నిలువుగా చీల్చి, గింజ తీసి, చింతపండు గుజ్జులో నువ్వులో వామో కలిపిన ముద్ద కూరి, శనగపిండి జారులో ముంచి నూనెలో వదులుతారు. హైదరాబాదులో అంతటితో ఆపరు. వేగినదాన్ని తీసి కత్తితో ముక్కలు చేసి, మళ్లీ నూనెలో వేసి కరకరమనేదాకా ఉంచి, ఉల్లిగడ్డ తరుగూ కొత్తిమీరా చల్లి నిమ్మకాయ పిండుతారు. అది కట్ మిర్చి. రెండోసారి నూనెలో పడ్డాక ప్రతి ముక్కకీ నాలుగు వైపులా అంచులొస్తాయి, ప్రతి అంచూ పలుకుతుంది. "అన్నా, ఒక ప్లేట్ కట్ మిర్చి, ఉల్లిగడ్డ జర ఎక్కువెయ్" అన్న మాట వినగానే బండి మనిషి చెయ్యి దానంతటదే కదులుతుంది.

ఈ మిరపకాయ మనది కాదని గుర్తుచేసుకోవడం నాకెందుకో ఇష్టం. 1492లో కొలంబస్ సముద్రం దాటిన తర్వాతే అమెరికా ఖండాల మిరప స్పెయిన్ చేరింది. పదహారో శతాబ్దంలో పోర్చుగీసు ఓడలు దాన్ని మన పడమటి తీరంలో దింపాయి. అంతకుముందు మన వంటల్లో ఘాటంతా మిరియాలది, అల్లానిది, పిప్పళ్లది. ఆలుగడ్డా టమాటా వచ్చిందీ ఆ ఖండాల నుంచే. అంటే టాపస్ బారులో కారపు సాసు పోసిన ఆలుగడ్డకీ, చిక్కడపల్లి బండి మీది ఆలూ బజ్జీకీ పుట్టిల్లు ఒకటే. స్పెయిన్ వాయవ్య మూల గలీసియా ప్రాంతంలో పదరోన్ అనే ఊరుంది. అక్కడి పొట్టి పచ్చిమిరపకాయలని పిండేమీ లేకుండా నూనెలో వేయించి, గళ్లుప్పు చల్లి ప్లేటు నిండా పెడతారు. వాటిలో చాలావరకు కమ్మగానే ఉంటాయి. ఎక్కడో ఒకటి మాత్రం నషాళానికి అంటుతుంది. ఏది ఎలాంటిదో కొరికితే గాని తెలియదు. అందుకే ఆ ప్లేటు ఒక్కరే తింటే సరదా లేదు. చుట్టూ నలుగురుండాలి, ఒకడికి కళ్లలో నీళ్లు తిరగాలి, తక్కిన ముగ్గురూ నవ్వాలి. మిర్చి బండి దగ్గర రోజూ సాయంత్రం జరిగేది ఇదే కదా. ఖండాలు దాటి వచ్చిన ఒక కాయ, రెండు చోట్లా మనుషుల్ని ఒకే రకంగా ఒక ప్లేటు చుట్టూ నిలబెట్టింది.

అశోక్ నగర్ దగ్గర నేను ఎక్కువసేపు ఆగాలి. ఈ వ్యాసం రాయాలనిపించింది అక్కడ ప్రభుత్వోద్యోగాల పరీక్షలకి చదువుతున్న పిల్లల వల్లే.

చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ చుట్టూ ఉన్న ఈ వీధులు తెలంగాణ జిల్లాలన్నిటికీ తెలుసు. కోచింగ్ సెంటర్లు, పుస్తకాల దుకాణాలు, జిరాక్స్ షాపులు, ఒక గదిలో నాలుగు మంచాలు వేసిన హాస్టళ్లు. లైబ్రరీలో కుర్చీ దొరకాలంటే గేటు తెరవకముందే వచ్చి నిలబడాలి. రాష్ట్రం వచ్చాక మొదటి గ్రూప్-1 నోటిఫికేషన్ 2022 ఏప్రిల్‌లో పడింది, 503 పోస్టులకి. ఆ అక్టోబరులో ప్రిలిమ్స్ రాశారు. ప్రశ్నపత్రాల లీకేజీతో 2023 మార్చిలో ఆ పరీక్ష రద్దయింది. జూన్‌లో మళ్లీ రాశారు. సెప్టెంబరులో హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్ వచ్చింది, జూన్‌లో మళ్లీ ప్రిలిమ్స్, అక్టోబరులో మెయిన్స్. మూడోసారి ప్రిలిమ్స్ రాసిన పిల్లవాడు ఆ రెండేళ్లూ ఏం తిని బతికాడని ఏ కమిషనూ అడగదు. అతని సాయంత్రపు తిండి సంగతి ఈ వీధులకే తెలుసు.

ఐదున్నర ఆరింటికి లైబ్రరీలోంచి, రీడింగ్ రూముల్లోంచి వీళ్లు బయటికి వస్తారు. పొద్దుటి నుంచి వంచిన మెడలు. బండి దగ్గర ముగ్గురు నిలబడి ఒక ప్లేటు చెప్తారు. ఇంకో పది అడుగుల తర్వాత రెండు చాయ్‌లు ముగ్గురు పంచుకుంటారు, టూ బై త్రీ అని చెప్తే చాలు, చాయ్ పోసే మనిషి మూడో కప్పు తనే తెచ్చిపెడతాడు. ఆ పది నిమిషాల్లో రాజ్యాంగ అధికరణల మీద వాదన నడుస్తుంది, కటాఫ్ ఎంతో తేలుతుంది, ఊళ్లో నాన్న చేసిన ఫోను గురించి ఒకరు చెప్తారు, పక్కవాడు ఏమీ అనకుండా చివరి బజ్జీ అతని వైపు జరుపుతాడు. నూతనకల్ నుంచి వచ్చినవాడూ నారాయణఖేడ్ నుంచి వచ్చినవాడూ స్నేహితులయ్యేది తరగతి గదిలో కాదు, ఇక్కడ.

ఇలా చెప్పి లేమికి పూలదండ వేయడం నా ఉద్దేశం కాదు. ముగ్గురు ఒక ప్లేటు పంచుకుంటున్నది రుచులన్నీ చూద్దామని కాదు, ఇంకో ప్లేటుకి డబ్బుల్లేక. ఆ తేడా నాకు తెలుసు. కానీ ఒక సంగతి మరవకూడదు. స్పెయిన్‌లో ఈ చిన్న ప్లేట్లు మొదటినుంచీ షోకు కాదు. 1936 నుంచి 1939 దాకా అంతర్యుద్ధంలో నలిగిన ఆ దేశంలో ఆ తర్వాత ఆకలి ఏళ్లు వచ్చాయి, 1952 దాకా రేషన్ నడిచింది. టాపస్‌లో ఇవాళ్టికీ ముందువరసలో ఉండేవి ఆలుగడ్డ, రొట్టె, శనగలు, ఉప్పుచేప, బోటి లాంటివే. బీదవాళ్ల వంటింటి సరుకు. కొంచెం ఉన్నదాన్ని పదిమందిలో గౌరవంగా ఎలా తినాలో ఆలోచించిన మనుషులు ఆ పద్ధతిని నిలబెట్టారు. అశోక్ నగర్ పిల్లలు చేస్తున్నదీ అదే. లేమి వాళ్లు కోరి తెచ్చుకున్నది కాదు. పంచుకోవడంలోని మర్యాద మాత్రం వాళ్లదే, అది నేర్చుకోదగిన మర్యాద.

వీళ్లలో సగానికి సగం ఆడపిల్లలు కనబడే సాయంత్రాలుంటాయి. వాళ్లు బండి దగ్గర నిలబడి, నలుగురిలో గట్టిగా నవ్వుతూ తినడం నాకు చిన్న విషయంగా తోచదు. మన దగ్గర తాగుడు పక్కన పెట్టుకునే చిన్న ప్లేటుకి వేరే లోకం ఉంది. కల్లు కాంపౌండులో గుడాలు, వైన్ షాపు పక్క పర్మిట్ రూములో చాక్నా. రుచికి ఏ టాపస్‌కీ తీసిపోవు. కానీ అది మగవాళ్ల లోకం, సగం చీకటి లోకం. స్పెయిన్ బారులో నాయనమ్మ మనవరాలి చెయ్యి పట్టుకుని వచ్చి నిలబడుతుంది, మన పర్మిట్ రూములో ఆ దృశ్యం ఊహకి కూడా రాదు. మిర్చి బండి ఆ లోటు తీర్చింది. దానికి తలుపు లేదు, తెర లేదు, ఎవరైనా రావచ్చు. ఇందులో ఈ పేటల చరిత్ర చెయ్యి కూడా ఉందని నా నమ్మకం. నిజాం కాలంలో తెలుగులో చదువు చెప్పే ఆడపిల్లల బడికి మాడపాటి హనుమంతరావు 1928లో పునాది వేశారు. నారాయణగూడ బాలికల పాఠశాల అదే. రాజా బహదూర్ వెంకటరామిరెడ్డి పేరు మీద మహిళా కళాశాల ఉన్నదీ నారాయణగూడలోనే. తరాల తరబడి ఆడపిల్లలు పుస్తకాల సంచీలతో నడిచిన రోడ్డు ఇది. ఆ నడకే ఫుట్‌పాత్ మీద వాళ్లకి హక్కు సంపాదించిపెట్టింది.

త్యాగరాయ గానసభ గురించి రెండు మాటలు. చిక్కడపల్లిలో ఆ హాలు సాయంత్రాలు ఊరికే ఉండదు, కచేరీయో నాటకమో పుస్తకావిష్కరణో ఉంటుంది. లోపల వేదిక మీద శాలువాలు కప్పుతారు. బయట చాయ్ బండి దగ్గర అసలు విమర్శ మొదలవుతుంది. బాగ్‌లింగంపల్లిలో సుందరయ్య విజ్ఞాన కేంద్రం బయట కూడా అంతే. వేదిక మీద చెప్పలేని మాట పునుగుల ప్లేటు మీద నిజాయితీగా వస్తుంది. తెలుగు సాహిత్యానికి ఈ బండ్లు చేసిన మేలు ఎవరూ రాయలేదు, రాయాలి.

బిర్యానీ ప్రేమికులు అలుగుతారేమో. ఆర్టీసీ క్రాస్ రోడ్స్ అనగానే బావర్చి గుర్తొచ్చేవాళ్లే ఎక్కువ. నాకూ ఇష్టమే. కాని బిర్యానీ ఒక చోట కూర్చోబెడుతుంది, తిన్నాక నిద్ర పిలుస్తుంది. సినిమా ముందు నడుస్తూ తినడానికి అది పనికిరాదు. సంధ్య, దేవి, సుదర్శన్‌లలో ఫస్ట్ షోకి వచ్చేవాళ్లకి టికెట్ చేతికొచ్చినప్పటి నుంచి తెర లేచేదాకా ఉండే ఆ కాసేపు బండ్లదే.

ఆ మధ్య మిత్రులు పిలిస్తే ఊరికి పడమటి దిక్కున ఒక పెద్ద రెస్టారెంట్లో టాపస్ తిన్నాను. వంటకి వంక పెట్టను. కానీ ప్లేట్లన్నీ ఒక్కసారే వచ్చాయి, బల్ల గంటన్నరలో ఖాళీ చేయాలని ముందే చెప్పారు, సంగీతం మోతలో ఎదుటివాడి మాట వినబడలేదు. నాలుగు రొయ్యలకి కట్టిన డబ్బుతో అశోక్ నగర్‌లో పదిమంది సాయంత్రం గడిచిపోతుంది. ధర మాట అలా ఉంచి, అక్కడ నడక లేదు, నిలబడడం లేదు, పక్క బల్ల మనిషి ముఖం చూసే వీలు లేదు. స్పెయిన్ నుంచి వంట తెచ్చుకుని వీధిని అక్కడే వదిలేశాం. మన దగ్గర వీధి ఉంది. దాన్ని కూడా పోగొట్టుకునే దారిలో ఉన్నాం, నా బాధ అదీ.

చూడండి ఏం జరుగుతోందో. 2020 ఫిబ్రవరిలో జేబీఎస్ నుంచి ఎంజీబీఎస్ దాకా మెట్రో మొదలైంది. ఆర్టీసీ క్రాస్ రోడ్స్, చిక్కడపల్లి, నారాయణగూడ మూడింటికీ స్టేషన్లు వచ్చాయి. మంచిదే, జనం దిగి నడుస్తారు. కానీ మెట్లూ స్తంభాలూ కలిసి ఫుట్‌పాత్‌ని మింగాయి. 2023 ఆగస్టులో ఇందిరా పార్కు నుంచి వీఎస్టీ దాకా స్టీల్ బ్రిడ్జి తెరిచారు. దానికి కార్మిక నాయకుడు నాయిని నర్సింహారెడ్డి పేరు పెట్టారు. కార్లు ఇప్పుడు అశోక్ నగర్ మీదుగా ఆగకుండా పోతున్నాయి. పైన పోయేవాళ్లకి వేగం దొరికింది. దానికి తగ్గట్టు కింద నడిచేవాళ్లకి జాగా దొరకలేదు. బండ్లనేమో అడ్డమని ఎప్పుడు తోసేస్తారో తెలియదు.

తోసేయడానికి వీల్లేదని చట్టం ఉంది. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం సర్వే పూర్తయి ధ్రువపత్రాలు ఇచ్చేదాకా ఎవర్నీ ఖాళీ చేయించకూడదు. బండ్లు ఎక్కడ ఉండాలో తేల్చే పట్టణ కమిటీలో ఐదింట రెండు వంతుల మంది ఆ వ్యాపారులే ఉండాలి, వాళ్లలో మూడోవంతు ఆడవాళ్లు. ఈ చట్టం సంగతి బండి మీద ఆధారపడ్డ కుటుంబాల్లో ఎంతమందికి చెప్పాం? శుభ్రత మాట వస్తుంది, రావాలి కూడా. 2024 అక్టోబరు చివర్లో కలుషితాహారం కేసులు చూసి ప్రభుత్వం పచ్చిగుడ్ల మయోనైజ్‌ని ఏడాదిపాటు నిషేధించింది, సరైన పని చేసింది. అదే పట్టుదలతో బండ్లున్న ప్రతి మూలా మంచినీళ్ల కుళాయి, చెత్తకుండీ, దీపం పెట్టాలి. మాడిన నూనెని పట్టుకునే ఇన్‌స్పెక్టరూ రావాలి. కుళాయి ఇవ్వకుండా చేతులు కడుక్కోలేదని బండి లాగేయడం న్యాయం కాదు.

నగరపాలక సంస్థని నేను అడిగేది పెద్దదేమీ కాదు. లైబ్రరీ గేటు నుంచి నారాయణగూడ చౌరస్తా దాకా ఇద్దరు పక్కపక్కన నడిచేంత ఫుట్‌పాత్, ప్లేటు పెట్టుకోవడానికి నడుమెత్తు అరుగులు అక్కడక్కడా, బండివాళ్ల చేతిలో గుర్తింపు కార్డు.

మిమ్మల్ని అడిగేది ఇంకా చిన్నది. ఒక సాయంత్రం ముగ్గురో నలుగురో కలిసి చిక్కడపల్లి మెట్రో దగ్గర దిగండి. బైకులు ఇంట్లోనే ఉంచండి. ఒక్కో చోట ఒక్క ప్లేటే చెప్పి నలుగురూ తినండి, తర్వాత నడవండి. చాయ్ ఇరానీ హోటల్లో తాగండి, అది ఉన్నన్నాళ్లూ. అశోక్ నగర్‌లో పక్కన నిలబడ్డ పిల్లవాడు కనబడితే ఏ జిల్లా అని పలకరించండి. వాళ్లకి ఆ మాట అవసరం.